చదివేది ఒకరు, కొనేది ఇంకొకరు: కోహా మీద పుస్తకం వేసిన నా అనుభవం

"పుస్తకం వేస్తే ఎంత మిగిలింది మేడం?" లైబ్రేరియన్లు నలుగురు చేరిన ప్రతిచోటా ఎవరో ఒకరు ఈ మాట అడుగుతారు. తామూ వేద్దామనుకునేవాళ్లు గొంతు తగ్గించి అడుగుతారు, మిగతావాళ్లు నవ్వుతూ అడుగుతారు. ఇందులో దాచడానికేమీ లేదు. మొదటి ముద్రణ మీద నాకు మిగిలింది సుమారు 15,000 రూపాయలు. అదీ రావాల్సిన బిల్లులన్నీ వచ్చాయని లెక్కేసుకుంటే. కొన్ని రాలేదు, ఇక రావు కూడా. అయినా రెండో ముద్రణ వేశాను. ఎందుకు వేశానో చెప్పాలంటే ముందు నేను పుస్తకం రాసిన కోహా అనే సాఫ్ట్‌వేర్ సంగతి కొంచెం చెప్పాలి.

నేను తిరుపతి దగ్గర ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో లైబ్రేరియన్‌ని. ఎస్వీ యూనివర్సిటీలో లైబ్రరీ సైన్స్ చదివాను. మా లైబ్రరీని నడిపే సాఫ్ట్‌వేర్ పేరు కోహా. పుస్తకాల ఎంట్రీ, ఇవ్వడం, తిరిగి తీసుకోవడం, ఫైను, విద్యార్థి తన ఫోన్లోనే పుస్తకం ఉందో లేదో చూసుకోవడం, అన్నీ అందులోనే. డబ్బు కట్టక్కర్లేదు. న్యూజిలాండ్‌లో హొరోవెనువా అనే చోటి లైబ్రరీ ట్రస్టు వాడుతున్న పాత సాఫ్ట్‌వేర్ 2000 సంవత్సరం వస్తే పనిచేయదని తేలింది. కొత్తది కొనే బదులు కటీపో అనే చిన్న సంస్థతో రాయించుకున్నారు. 2000 జనవరిలో వాడకం మొదలుపెట్టి, ఎవరైనా వాడుకోవచ్చని జీపీఎల్ లైసెన్సు కింద వదిలేశారు. ఇప్పుడు ప్రపంచమంతా వాడుతోంది.

ప్రపంచమంతా వాడినా, నేర్చుకోవాల్సినవాళ్లు మాత్రం కొద్దిమందే. ఒక్కో కాలేజీలో ఇంజినీర్లు వందల్లో తయారవుతారు, లైబ్రేరియన్ ఒక్కరే ఉంటారు. ఆ ఒక్కరికీ అసిస్టెంట్ ఉంటే అదృష్టం. పైథాన్ మీదో జావా మీదో పుస్తకం రాసేవాళ్లకు పాఠకులు ఎంతమంది దొరుకుతారో ముందు తెలియదు, ఆశకు హద్దు ఉండదు. నాకు హద్దు మొదటిరోజే తెలుసు. రాయలసీమలో కాలేజీలు ఎన్ని, అందులో కోహా పెట్టుకున్నవి ఎన్ని, పెట్టుకోవాలనుకుంటున్నవి ఎన్ని అని కాగితం మీద రాసుకుంటే నా మార్కెట్ మొత్తం ఒక పేజీలో పట్టేసింది.

పుస్తకం రాయాలని కూర్చుని రాసింది కాదు. కాలేజీలకు గ్రేడు ఇచ్చే న్యాక్ వాళ్లకు కాలేజీలు పంపే నివేదికలో 4.2.1 అని ఒక అంశం ఉండేది. లైబ్రరీని సాఫ్ట్‌వేర్‌తో ఆటోమేట్ చేశారా, చేస్తే ఏ సాఫ్ట్‌వేర్, ఎంతవరకు, ఏ సంవత్సరం నుంచి అని అడిగేది. ఏళ్లతరబడి లైబ్రరీ వైపు తొంగిచూడని మేనేజ్‌మెంట్లు ఆ ఒక్క ప్రశ్న చూసి ఉలిక్కిపడి లేచేవి. కరస్పాండెంట్ గారు ప్రిన్సిపాల్‌ని పిలుస్తారు, ప్రిన్సిపాల్ లైబ్రేరియన్‌ని పిలుస్తారు, లైబ్రేరియన్ నాకు ఫోన్ చేస్తారు. మదనపల్లె నుంచి, పుత్తూరు నుంచి, చిత్తూరు నుంచి, శ్రీకాళహస్తి నుంచి. "మేడం, ఇన్‌స్టాల్ అయితే అయింది గానీ లాగిన్ అడుగుతా ఉంది. ఏం పాస్‌వర్డ్ ఇచ్చేది?"

ఈ ప్రశ్న నన్ను అడగని కోహా కొత్తవాళ్లు లేరు. ఇన్‌స్టాల్ పూర్తయ్యాక బ్రౌజర్లో ఒక పేజీ తెరుచుకుని యూజర్ పేరు, పాస్‌వర్డ్ అడుగుతుంది. మనం అప్పటిదాకా ఏదీ పెట్టి ఉండం. అది కోహా తనంతట తాను పెట్టుకున్న డేటాబేస్ పాస్‌వర్డ్. సర్వర్లో కోహా-కాన్ఫ్ అనే ఎక్స్ఎంఎల్ ఫైల్లో ఉంటుంది. ఆ ఫైలు తెరిచి, దాదాపు అడుగుదాకా జరిపి, చిత్రమైన అక్షరాల వరుసను కాపీ చేసుకుని రావాలి. కోహాకు వాడే డెబియన్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఏంటో తెలియని లైబ్రేరియన్‌కు ఈ ఒక్క మెట్టు దగ్గరే రెండు రోజుల టెన్షన్. నేను జవాబులు వాట్సాప్‌లో తెలుగులో టైపు చేసి పంపేదాన్ని. కోవిడ్‌లో కాలేజీ మూసేసినప్పుడు ఆ మెసేజ్‌లన్నీ ఒకచోట పెట్టి చూస్తే సగం పుస్తకం అప్పటికే ఉంది.

"మాన్యువల్ ఫ్రీగా దొరుకుతుంటే నీ పుస్తకం ఎవరు కొంటారు?" అన్నారు మా ఆయన. మంచి ప్రశ్నే. కోహా మాన్యువల్ ఉచితం, చాలా పెద్దది, చాలా బాగుంటుంది కూడా. కానీ అది కోహాలో ఏమేమి ఉన్నాయో చెబుతుంది. సోమవారం పొద్దున 40,000 పుస్తకాలు, ఒక పాత కంప్యూటర్, ఒక అటెండర్‌తో మొదలుపెట్టే మనిషి ముందు ఏది చేయాలో చెప్పదు. చెప్పడం దాని పని కూడా కాదు. ఆ వరుసే నా పుస్తకం.

ముందు ఒక పబ్లిషర్‌ను అడిగాను. పేరు వద్దు. అకడమిక్ పుస్తకాలు వేసే సంస్థ. మర్యాదగానే మాట్లాడారు. కవర్ ధర 595 పెడతామన్నారు. డిస్ట్రిబ్యూటర్లకు సగం దాకా పోతుంది. మిగిలిన దాదాపు 300 మీద నాకు 10 శాతం, అంటే కాపీకి 30 రూపాయలు. 300 కాపీలు అమ్మితే 9,000. అది సంవత్సరానికి ఒకసారి ఇస్తారు. ఒప్పందంలో ఇంకో వాక్యం ఉంది: రచయిత 40 శాతం తగ్గింపు మీద 100 కాపీలు కొనుక్కోవాలి. లెక్కేశాను. నేను వాళ్లకు 35,700 కట్టాలి, వాళ్లు నాకు 9,000 ఇస్తారు. అందులో మోసమేమీ లేదు, అన్నీ రాసే ఇచ్చారు. ఇంత చిన్న మార్కెట్‌కు వాళ్ల వైపు నుంచి చూస్తే అదే సరైన లెక్క. నా వైపు నుంచి కాదు.

సొంతంగా వేద్దామనుకున్నాక అసలు విషయం బోధపడింది. నా పుస్తకం చదివే మనిషి, దానికి డబ్బు కట్టే మనిషి ఒకరు కారు. చదివేది లైబ్రేరియన్. కొనేది కాలేజీ, అంటే ప్రిన్సిపాల్ సంతకం, అకౌంట్స్ సెక్షన్, కొన్నిచోట్ల కరస్పాండెంట్ గారి తలూపు. లైబ్రేరియన్‌కు తెలుగు కావాలి, ఆవిడ అర్ధరాత్రి సర్వర్ ముందు కూర్చున్నప్పుడు అర్థమయ్యే తెలుగు. ప్రిన్సిపాల్‌కు తెలుగు పుస్తకం టెక్నికల్ పుస్తకంలా కనిపించదు. నేను చెప్పడం కాదు, ఒకాయన నమూనా పేజీలు తిప్పి "తెలుగులోనా?" అని కళ్లజోడు తీసి పక్కన పెట్టారు.

అందుకని కవర్ మొత్తం ఇంగ్లిష్‌లో వేశాను. లైబ్రరీ ఆటోమేషన్ అని పెద్దగా, న్యాక్ అనే మాట కింద ఒక పట్టీలో. లోపల అంతా తెలుగు. మెనూల పేర్లు, కమాండ్లు మాత్రం తెరమీద ఎలా కనిపిస్తాయో అలాగే ఇంగ్లిష్ అక్షరాల్లో. దీన్ని మా గురువు గారు, రిటైరైన లైబ్రేరియన్, అంతగా మెచ్చుకోలేదు. "తెలుగు పుస్తకానికి ఇంగ్లిష్ చొక్కా తొడిగావా తల్లీ" అన్నారు. తొడిగాను సార్, బిల్లు పాసవ్వాలి కదా.

ధర కూడా అలాగే పెట్టాను. ఎంత పెట్టాలని తెలిసిన లైబ్రేరియన్లను అడిగితే 200 పెట్టమన్నారు, 250 అన్నారు. వాళ్లు తమ జేబులోంచి కొంటున్నట్టు ఆలోచించారు. నేను అకౌంట్స్‌లో పనిచేసే ఒక స్నేహితురాలిని అడిగాను. "మా దగ్గర 500 లోపు అయితే ప్రిన్సిపాల్ పెట్టీ క్యాష్‌లో ఇచ్చేస్తారు. దాటితే ఫైలు పెట్టాల్సిందే" అంది. 450 పెట్టాను. కాలేజీలకు మామూలుగా అడిగే 20 శాతం తగ్గింపు పోగా 360 చేతికొస్తుంది. లైబ్రరీ సైన్స్ విద్యార్థులు నేరుగా అడిగితే 300. వాళ్లలో చాలామంది ఒకటి కొని నలుగురు జిరాక్స్ తీసుకున్నారు. వాళ్లను ఏమీ అనను. నేనూ అలాగే చదువుకున్నాను.

పుస్తకానికి ఉండే గుర్తింపు నంబరు ఐఎస్‌బీఎన్‌కు పైసా ఖర్చు కాలేదు. రాజా రామ్మోహన్ రాయ్ పేరిట ఉన్న జాతీయ ఏజెన్సీ ఆన్‌లైన్లోనే ఉచితంగా ఇస్తుంది. బయట ఎవరో వేలు తీసుకుని ఇప్పిస్తామంటే నమ్మకండి. మాది 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా అయింది కాబట్టి దరఖాస్తులో చిరునామా మార్చుకోవడం ఒక చిన్న తతంగం, అంతే.

కష్టమంతా పేజీలు కట్టించడంలో వచ్చింది. గాంధీ రోడ్డు వైపు ఒక డీటీపీ సెంటర్‌కు తీసుకెళ్లాను. ఆ అబ్బాయి పెళ్లిపత్రికలు, కరపత్రాలు, కవిత్వం పుస్తకాలు కళ్లు మూసుకుని చేస్తాడు. పేజ్‌మేకర్, అనూ ఫాంట్లు. నేను ఇచ్చింది యూనికోడ్, అంటే ఫోన్లలో వాడే తెలుగు, ఆ ఫాంట్లతో నేరుగా పొసగదు. కన్వర్టర్‌లో వేస్తే కొన్ని వత్తులు ఎగిరిపోయాయి. అది దిద్దుకోవచ్చు. దిద్దుకోలేనిది కమాండ్లలో జరిగింది.

కోహాలో కొత్త లైబ్రరీ సృష్టించే కమాండ్ ఉంటుంది. అందులో ఒక చోట రెండు చిన్న అడ్డగీతలు పక్కపక్కనే రావాలి. వర్డ్ లాంటివి ఆ రెండింటినీ కలిపి ఒక పొడుగు గీత చేసేస్తాయి, అందంగా ఉంటుందని. కాగితం మీద చూస్తే తేడా తెలియదు. పాఠకురాలు ఆ పొడుగు గీత చూసి ఒకే గీత కొడుతుంది, సర్వర్ ఎర్రర్ ఇస్తుంది, ఆవిడ తనకే చేతకాలేదనుకుని కూర్చుంటుంది. కొటేషన్ గుర్తులదీ ఇదే కథ. నిలువుగా ఉండాల్సినవి వంపు తిరిగిపోతాయి. "ఇంత చిన్న గీతకు ఏముంది మేడం" అన్నాడు ఆ అబ్బాయి. ఆ గీతే పుస్తకం నాయనా అన్నాను. చివరికి నేనే లిబ్రెఆఫీస్‌లో యూనికోడ్‌తో పేజీలు కట్టుకున్నాను. మండలి ఫాంటు వాడాను. ఉచితం, అచ్చుకు కూడా వాడుకోవచ్చు. కమాండ్లకు వేరే ఇంగ్లిష్ ఫాంటు, సున్నాకు ఓ అక్షరానికీ తేడా తెలిసేది. ప్రూఫు అచ్చు తీసి, ఇంట్లో పాత డెస్క్‌టాప్ మీద కొత్తగా డెబియన్ వేసి, ప్రతి కమాండ్‌నూ కాగితం చూసి కొట్టాను. కంప్యూటర్లోంచి కాపీ చేయకుండా, పాఠకురాలు ఎలా కొడుతుందో అలా. కథల పుస్తకంలో అచ్చుతప్పు ఉంటే పాఠకుడే దిద్దుకుని చదువుతాడు. ఇందులో ఆ వెసులుబాటు లేదు.

స్క్రీన్‌షాట్లు ఇంకో ఖర్చు. రంగుల్లో వేస్తే కాపీ ధర రెట్టింపు దాటుతుంది. నలుపు తెలుపులో వేస్తే తెరమీద పసుపు బటన్, లేత ఆకుపచ్చ పట్టీ రెండూ ఒకే బూడిద రంగులో కలిసిపోతాయి. "పసుపు బటన్ నొక్కండి" అని రాసిన చోటల్లా "కింద ఎడమవైపు సేవ్ అని ఉన్న బటన్" అని మార్చి రాశాను.

280 పేజీలు, డెమీ సైజు, 300 కాపీలు. ఆఫ్‌సెట్‌కు 300 చాలా తక్కువ, ప్లేట్ల ఖర్చే మీద పడుతుంది. 1,000 వేస్తే కాపీ ధర బాగా తగ్గుతుందని ప్రెస్సు ఆయన ఊరించాడు. నా ఒక పేజీ మార్కెట్ గుర్తుచేసుకుని డిజిటల్‌లోనే వేయించాను. మొత్తం 48,000, కాపీకి 160. కవర్ డిజైన్‌కు 5,000. మిగతా శ్రమకు లెక్క వేయలేదు, వేస్తే రెండో ముద్రణ ఉండేది కాదు.

ఆ 300లో అమ్మకానికి రాని కాపీలు కూడా ఉంటాయి. 1954 నాటి చట్టం ప్రకారం కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి, చెన్నై కన్నెమరాకు, ముంబై, ఢిల్లీ లైబ్రరీలకు ఒక్కోటి మన ఖర్చుతో పంపాలి. లైబ్రేరియన్‌ని కాబట్టి ఆ పని సంతోషంగా చేశాను. సంతోషం లేని పంపిణీ ఇంకోటి ఉంది. మన దగ్గర పుస్తకం వేసినవాళ్లను కలిస్తే శుభాకాంక్షలు చెప్పి ఒక కాపీ అడగడం మర్యాద. ఇవ్వకపోతే అమర్యాద. వర్క్‌షాప్‌కు పిలిస్తే శాలువా కప్పుతారు, వేదిక మీద ఉన్న ప్రతి పెద్దమనిషికీ మనం ఒక పుస్తకం ఇవ్వాలి. వాళ్లలో కోహా తెరిచి చూసినవాళ్లు ఎవరూ ఉండరు. నలభై కాపీలు అలా వెళ్లాయి.

అమ్మకం మాత్రం ఎక్కువగా ఫిబ్రవరి, మార్చిలో. ఆర్థిక సంవత్సరం ముగిసేలోపు లైబ్రరీ బడ్జెట్ ఖర్చుపెట్టాలి కాబట్టి అప్పుడు ఆర్డర్లు వస్తాయి. పుస్తకం వెంటనే పంపాలి, డబ్బు జూన్‌లోనో ఆగస్టులోనో వస్తుంది. ఒక కాలేజీ అకౌంట్స్ వాళ్లు మూడు కొటేషన్లు కావాలన్నారు. ఒక్క మనిషి వేసుకున్న పుస్తకానికి మూడు కొటేషన్లు ఎక్కడినుంచి తేవాలి? ఈ పుస్తకం నా దగ్గర తప్ప మరెక్కడా దొరకదని నేనే ఒక సర్టిఫికెట్ రాసి, సంతకం పెట్టి, రబ్బరు స్టాంపు వేసి ఇచ్చాను. 360 రూపాయల బిల్లుకు ఆ ఫైల్లో చేరిన కాగితాలు చూస్తే నవ్వొచ్చింది. ఆ తర్వాత అదే సర్టిఫికెట్ ప్రతి బిల్లుకూ ముందే జతచేసి పంపాను. డబ్బు త్వరగా రావడం మొదలైంది. పుస్తకాలకు జీఎస్టీ లేకపోవడం కూడా మేలే, బిల్లు సింపుల్‌గా ఉంటుంది.

ఈ-బుక్ ఎందుకు వేయలేదని చాలామంది అడిగారు. అమెజాన్ కిండిల్ 2016లో భారతీయ భాషల పుస్తకాలు మొదలుపెట్టినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్నాయి, తెలుగు లేదు. నేను చూసినప్పుడూ జాబితాలో తెలుగు కనపడలేదు. ఇంగ్లిష్‌లో రాసి ఉన్నా లాభం తక్కువే. 70 శాతం రాయల్టీ తీసుకుంటే ఫైలు సైజుకు డెలివరీ చార్జీ కోస్తారు, ఇండియాలో ఎంబీకి 7 రూపాయలు. వందల స్క్రీన్‌షాట్లతో 30 ఎంబీ అయితే ఒక్కో కాపీ మీద 210 రూపాయలు అక్కడే పోతాయి. 35 శాతం రాయల్టీ అయితే ఆ చార్జీ ఉండదు, కానీ మిగిలేదీ 35 శాతమే. నవలలకు సరిపోయే లెక్క ఇది.

2022 నవంబర్‌లో కోహా 22.11 వచ్చింది. కోహా ప్రతి మే, నవంబర్ నెలల్లో కొత్త వెర్షన్ వదులుతుంది, సంవత్సరం నెల కలిపి పేరు పెడతారు. మామూలుగా అయితే మార్పులు అక్కడక్కడా ఉంటాయి. ఈసారి సిబ్బంది వాడే తెర మొత్తం కొత్త డిజైన్. నా పుస్తకం 21.11 చూసి రాసింది, అచ్చయి ఆరు నెలలు కూడా కాలేదు. సాఫ్ట్‌వేర్ పుస్తకం మా చిత్తూరు తోతాపురి కాయల్లాంటిది, గుజ్జు ఫ్యాక్టరీ ముందు లారీ లైన్లో రెండు రోజులు ఎక్కువ నిలబడితే రేటు పడిపోతుంది. "మేడం, మీ పుస్తకంలో ఉన్నట్టు మాకు కనపడ్డం లేదు" అని ఫోన్లు. మిగిలిన కాపీలకు 32 పేజీల అనుబంధం అచ్చేయించి లోపల పెట్టి ఇచ్చాను, ముందు కొన్నవాళ్లకు పోస్టులో ఉచితంగా పంపాను. దానికి అయిన 4,000 ధరలో ముందే కలుపుకుని ఉండాల్సిన ఖర్చు అని ఇప్పుడు అందరికీ చెబుతున్నాను. కాగితం, అచ్చు, బైండింగ్ ఖర్చు ప్రెస్సు వాళ్లు చెబుతారు. పాతబడే ఖర్చు ఎవరూ చెప్పరు.

అసలు డబ్బు ఇంకో దారిలో వచ్చింది. పుస్తకం కొన్న లైబ్రేరియన్లలో కొందరు చదివి, రెండు అధ్యాయాలు చేసి, మూడోదాని దగ్గర ఆగి, ప్రిన్సిపాల్ దగ్గరికెళ్లి "ఈ పుస్తకం రాసిన మేడంనే పిలుద్దాం సార్" అనేవారు. పాత ఎక్సెల్ షీట్లను కోహాకు మార్చడం, ఇన్‌స్టాల్ చేయడం, సిబ్బందికి నేర్పడం, అన్నీ కలిపి 10,000 దాకా ఇచ్చేవారు. అంటే పాతిక ముప్పై పుస్తకాల డబ్బు ఒక్క కాలేజీలో. మా మేనేజ్‌మెంట్ అనుమతి రాతపూర్వకంగా తీసుకుని రెండో శనివారాలు, సెలవు రోజుల్లో వెళ్లేదాన్ని. ఇక్కడ కూడా చెక్కు ఇచ్చేది చదివినవాళ్లు కాదు.

చిత్తూరులో ఒక పాత డిగ్రీ కాలేజీ లైబ్రరీకి వెళ్లిన సంగతి చెప్పాలి. పూతలపట్టు మీదుగా బస్సులో వెళ్లేసరికి వాళ్లు అప్పటికే ఎంట్రీ మొత్తం పూర్తి చేసి పెట్టారు. తెలుగు పుస్తకాలన్నీ తెలుగులోనే టైపు చేశారు, 245 అనే గడిలో పుస్తకం పేరు, 100లో రచయిత, చాలా శ్రద్ధగా. కానీ "పోతన" అని వెతికితే ఒక్కటీ రావడం లేదు. అలమరలో కళ్లముందు ఉంది, కోహాలో లేదు. అక్కడి లైబ్రేరియన్ ఇంచుమించు ఏడుపు ముఖంతో ఉన్నారు, ఎంట్రీ అంతా మళ్లీ చేయాలేమోనని. చేయక్కర్లేదు. కోహా వెనకాల వెతికే పని చేసేది జీబ్రా అనే ఇంకో సాఫ్ట్‌వేర్. అది మొదట వచ్చేటప్పుడు ఇంగ్లిష్, యూరప్ అక్షరాలకు తగ్గట్టు అమర్చి ఉంటుంది. డిఫాల్ట్ డాట్ ఐడీఎక్స్ అనే ఫైల్లో క్యారెక్టర్ మ్యాప్ అని ఉన్న వరుసల స్థానంలో ఐసీయూ, అంటే అన్ని భాషల అక్షరాలూ తెలిసిన పద్ధతి, వరుస పెట్టాలి, జీబ్రాను మళ్లీ నడిపించాలి, ఇండెక్స్ మొత్తం కొత్తగా కట్టించాలి. ఆ చివరి పని జరుగుతుండగా తెరమీద అంకెలు పరుగెడుతుంటే ఆవిడ టీ తెప్పించారు. అయ్యాక "పోతన" కొడితే భాగవతం సంపుటాలన్నీ వరసగా వచ్చాయి.

ఈ సంగతి నా పుస్తకంలో ఒకటిన్నర పేజీ. ఆ ఒకటిన్నర పేజీ కోసమే చాలామంది కొన్నారని తర్వాత తెలిసింది. ఆ పేజీలే ఫోన్లో ఫొటో తీసి లైబ్రేరియన్ల గ్రూపుల్లో తిప్పారు కూడా. ఫొటో చూసి చేసి, మధ్యలో ఆగినవాళ్లు నాకే ఫోన్ చేశారు, రాత్రి తొమ్మిదింటికి, పుస్తకం కొనకుండానే. మొదట్లో జవాబు చెప్పేదాన్ని. తర్వాత ఆదివారం సాయంత్రం ఒక గంట మాత్రమే అని పెట్టాను. ఇలాంటి పుస్తకంతో పాటు రచయిత ఫోన్ నంబరు కూడా అమ్ముడుపోతుంది, దానికి ఎవరూ ధర వేయరు.

పన్ను సంగతి ఒక్క మాట. రచయితల రాయల్టీకి ఆదాయపు పన్నులో 80క్యూక్యూబీ సెక్షన్ కింద 3 లక్షల దాకా మినహాయింపు ఉందని ఎవరో చెబితే సంబరపడి ఆడిటర్ దగ్గరికెళ్లాను. ఆయన నవ్వి, "అది పబ్లిషర్ ఇచ్చే రాయల్టీకమ్మా, మీరే వేసి మీరే అమ్ముకుంటే వ్యాపారం. పైగా పాత పన్ను విధానంలో ఉంటేనే" అన్నారు. కాలేజీలు ఇచ్చే శిక్షణ ఫీజు మీద కొన్నిచోట్ల 10 శాతం టీడీఎస్ కోస్తారు, రిటర్నులో తెచ్చుకోవచ్చు.

రెండో ముద్రణకు కూర్చున్నప్పుడు పుస్తకాన్ని రెండుగా చీల్చాను. 245, 100 లాంటి గడులుండే మార్క్ అనే పద్ధతిలో ఏది ఎక్కడ రాయాలి, పుస్తకం ఎన్ని రోజులకు ఇవ్వాలి, ఫైన్ ఎలా పెట్టాలి, బార్‌కోడ్ ఏ సైజులో ఎక్కడ అతికించాలి, బ్యాకప్ ఎక్కడ దాచాలి లాంటి త్వరగా పాతబడనివి అచ్చులో ఉంచాను. ఎక్కడ ఏ బటన్ ఉందో చూపించే స్క్రీన్‌షాట్లు చాలావరకు తీసేసి, కొన్నవాళ్లందరికీ పీడీఎఫ్‌గా ఇచ్చి, ఆరు నెలలకోసారి మారుస్తున్నాను. దీర్ఘకాలం సపోర్టు ఇస్తామన్న 24.11 వెర్షన్‌ను ఆధారం చేసుకున్నాను. పుస్తకం 208 పేజీలకు దిగింది.

ఆ 208 కూడా ఊరికే వచ్చింది కాదు. పుస్తకాలు చవగ్గా పంపే రిజిస్టర్డ్ బుక్ పోస్టును 2024 డిసెంబర్‌లో తపాలా శాఖ తీసేసింది. కొన్ని నెలలు స్పీడ్ పోస్టు ఖర్చు నా లాభాన్ని తినేసింది. 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ వచ్చింది, 300 గ్రాముల దాకా 20 రూపాయలు, పైన పన్ను. ఇంట్లో వంటింటి త్రాసు మీద మొదటి ముద్రణ పెట్టి చూస్తే కవరుతో కలిపి 300 దాటింది. 70 జీఎస్ఎం కాగితం మీద 208 పేజీలు, కవర్, ప్యాకింగ్ అన్నీ కలిపి 270 లోపు వచ్చింది. ఒక అధ్యాయం బరువు చూసి తీసేశాను. కోహా చరిత్ర అధ్యాయం అది. చదివేవాళ్లకు నచ్చేది, కానీ ఎవరికీ పనికొచ్చేది కాదు.

200 కాపీలు వేశాను, సగానికి పైగా పోయాయి. ధర 450లోనే ఉంచాను, పెట్టీ క్యాష్ హద్దు మారలేదు కాబట్టి.

ఈమధ్య వేలూరు దగ్గరి ఒక కాలేజీ లైబ్రేరియన్, తమిళాయన, ఇంగ్లిష్‌లో వేయమని అడుగుతున్నారు. "మీ పుస్తకం చిత్తూరులో మా ఫ్రెండ్ దగ్గర చూశాను మేడం, కవర్ చూసి కొన్నాను, లోపల అంతా తెలుగు" అన్నారు పాపం. ఇంగ్లిష్‌లో వేస్తే తమిళనాడు, కర్ణాటక అన్నీ నా మార్కెట్టే. కానీ ఇంగ్లిష్‌లో అడుగుపెడితే ఉచిత మాన్యువల్‌తో, లెక్కలేనన్ని వీడియోలతో పోటీ పడాలి. తెలుగులో ఆ పోటీ లేదు. వేరే కాలేజీలు నాలుగైదు కలిసి ముందుగా డబ్బు కడితే వంద కాపీలు వేస్తానని, లేదంటే ఆయన కాలేజీకి వచ్చి రెండు రోజులు ఇంగ్లిష్‌లో నేర్పుతానని, రెండింటి అంచనాలూ పంపాను. ఆయనకు మొదటిది నచ్చింది. వాళ్ల ప్రిన్సిపాల్‌కు రెండోది నచ్చిందట. ఫైలు మేనేజ్‌మెంట్ దగ్గర ఉంది.